ట లేని మాట

మా అమ్మాయికి మంచి గొంతు. ఈ మాట నేను దాని ముఖం మీద ఎప్పుడూ అనలేదు. తెలుగు టీచర్ని, ఎవరేం చేసినా నాకు ముందు తప్పే కనబడుతుంది. ఏలూరులో మా చర్చిలో ఆదివారం అది పల్లవి ఎత్తుకుంటే, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న మగాళ్ళు కూడా తలెత్తి చూస్తారు. నేను మాత్రం ఇంటికొచ్చాక, శాంతి అనమంటే సాంతి అంటావేమిటే అని సణుగుతాను. అది నవ్వి, కావాలనే ఇంకోసారి "సాంతి" అంటుంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది కానీ దాని ప్రాణమంతా పాట మీదే.

ఈ ఏడు వానాకాలంలో తాడేపల్లిగూడెంలో క్రైస్తవ గీతాల సభ పెట్టారు. దానికి వచ్చిన ముఖ్య అతిథి పేరు ఇక్కడ రాయను. సినిమాల్లో పాడినవాడు, టీవీ పోటీల్లో జడ్జీ కుర్చీలో కూచునేవాడు, ఏటా క్రిస్మస్‌కి పాటల ఆల్బమ్ తెచ్చేవాడు, అంతవరకు చాలు. మా అమ్మాయి పాడుతుంటే ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక పక్కకి పిలిచి, నీ గొంతులో తడి ఉందమ్మా, అది నేర్పితే వచ్చేది కాదు అన్నాడు. వారం తిరక్కుండా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి ఆల్బమ్‌లో ఒక పాట మా అమ్మాయి చేత పాడిస్తారు. హైదరాబాద్ వచ్చి కొన్నాళ్ళు ఉండాలి. స్టూడియో పైనే గెస్ట్‌హౌస్ ఉంది, ఉండటానికీ తినడానికీ లోటుండదు, పెద్దవాళ్ళు శ్రమపడి రానక్కర్లేదు.

మా ఆయన బస్సు డిపోలో గుమాస్తా. నెమ్మదైన మనిషి. ఆ రోజు మాత్రం కనబడ్డ డ్రైవరుకల్లా చెప్పి, స్వీట్లు పంచి, ఇంటికి రాగానే మోకరించి ప్రార్థన చేశాడు. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. అబద్ధమెందుకు, గర్వంగా కూడా ఉంది.

మర్నాడు స్కూల్లో నేను క్యారేజీ విప్పుతుంటే మా సోషల్ టీచరు పక్కన కూచుని గొంతు తగ్గించింది. "ఆయనేనాండీ? ఆయన మీద ఏదో వచ్చింది కదటండీ, ఆడపిల్లల విషయంలో."

ఏం వచ్చిందండీ అన్నాను. తనకి సరిగ్గా తెలియదట. వాళ్ళ ఆడపడుచు చెప్పిందట. ఆడపడుచు ఎక్కడో చూసిందట. అంతా అబద్ధం అని కూడా అంటున్నారట. ఇంత చెప్పి తను పెరుగన్నం కలుపుకుంది. నేను క్యారేజీ మూత పెట్టేశాను.

తెలుగులో ఈ ట ఉంది చూశారూ, దాని సంగతి పిల్లలకి ఏటా చెబుతాను. "వచ్చాడు" అంటే నేను చూశాను, పూచీ నాది. "వచ్చాడట" అంటే చూసినవాడు ఇంకెవడో, తప్పయితే నన్నడక్కండి అని. ఒక్క అక్షరంతో చేతులు కడిగేసుకోవచ్చు. ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చండి అని పరీక్షలో అడుగుతాం. "నేను" తీసేసి "తను" పెట్టాలి. అది మర్చిపోయిన వాళ్ళకి మార్కు కోస్తాను. ఆ మధ్యాహ్నం నాకు కావలసింది ఒక్కటే. ట లేకుండా మాట్లాడే మనిషి ఒక్కరు, అవునని అయినా సరే, కాదని అయినా సరే.

ఫోన్లో ఆయన పేరు కొట్టి, పక్కన "ఆరోపణలు" అని కొట్టాను. స్కూలు వెనక సైకిళ్ళ షెడ్డులో నిలబడి, ఎవరైనా వస్తున్నారేమోనని చూసుకుంటూ, దొంగతనం చేస్తున్నట్టు చూశాను. వీడియోలు బోలెడున్నాయి. అన్నిటిమీదా ఎర్ర బాణాలు, ఆయన ముఖం చుట్టూ ఎర్ర గీత, పక్కన ముఖం మసకగా చేసిన ఒక ఆడపిల్ల బొమ్మ. పైన "అసలు నిజం ఇదే" అని ఉంటుంది. చివరిదాకా చూస్తే, ఇందులో నిజమెంతో మీరే కామెంట్ చెయ్యండి అంటారు. నిజమేదో చెప్పండి బాబూ అని నేనొస్తే నన్నే చెప్పమంటాడేమిటి వీడు? ఇంకొకడు "విశ్వసనీయ వర్గాల సమాచారం" అంటాడు. ఆ వర్గాలెవరో, వాళ్ళనెవరు విశ్వసించారో చెప్పడు. ఒళ్ళు మండిపోయింది. అయినా ఇంకొకటి తెరిచాను.

రెండు మూడు రోజులు అదే పని. చూసినకొద్దీ భయం పెరిగేది, ఇంతమంది చెబుతున్నారంటే ఏదో ఉండే ఉంటుంది కదా అని. అప్పుడు కంట్లో పడింది ఒక మాట. ఒక వెబ్‌సైట్‌లో "బాధితురాలు కన్నీరు మన్నీరుగా విలపించింది" అని ఉంది. మున్నీరు అనాలి. రాసినవాడికి ఆ మాట తెలియదు, పోనీ అనుకున్నాను. ఇంకో సైట్ తెరిచాను. అక్కడా మన్నీరే. వీడియోలో చదివే అమ్మాయి కూడా గొంతు వణికించి మరీ "మన్నీరుగా" అంది. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళకి ఇది కొత్త కాదు. ఒక బెంచీలో నలుగురూ ఒకే వింత తప్పు రాస్తే నలుగురు రాసినట్టు కాదు, ఒకడు రాస్తే ముగ్గురు చూసినట్టు. అంటే ఇంతమంది గొంతులూ కలిపి ఒకే ఒక్క గొంతన్నమాట. ఆ ఒక్కడెవడో వెతుక్కుంటూ వెనక్కి వెళితే ఒక పేజీ దగ్గర ఆగింది. రాసిన మనిషి పేరు లేదు.

ఆయన పక్షం వాళ్ళవి కూడా చదివాను, న్యాయంగా ఉండాలి కదా. "కష్టపడి పైకొచ్చిన కళాకారుణ్ణి తొక్కేసే కుట్ర" అని ఒకరు. అదే వాక్యం, అదే ఆశ్చర్యార్థకాలతో, ఇంకొక వందమంది. అటూ ఒకే గొంతు, ఇటూ ఒకే గొంతు. మధ్యలో మా అమ్మాయి.

ఓపిక పట్టలేక ఒక వీడియో కింద అడిగాను. "ఇందులో ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది లేదు. ఆధారం ఏమిటండీ?" అని మర్యాదగానే రాశాను. గంట తిరిగేసరికి కింద బూతులు. నాకు తెలియని బూతులు కూడా ఉన్నాయి. వాటికి భయపడలేదు, హైస్కూల్లో పనిచేసేదానికి అవి లెక్కలోవి కావు. చివర్లో ఒకడు మాత్రం బూతు లేకుండా రాశాడు. "టీచరమ్మా, మీ స్కూలు ఏలూరులోనే కదా. మీ అమ్మాయి బాగా పాడుతుంది." నా ప్రొఫైల్‌లో మా ఇద్దరి ఫోటో ఉంది, చర్చి ముందు తీసింది. వెంటనే తీసేశాను, రాసిందీ తీసేశాను. అక్కడే సైకిళ్ళ మధ్య గట్టు మీద కూచుండిపోయాను. ఆ వారమంతా గేటు దగ్గర బండి ఆగినా లేచి కిటికీలోంచి చూసేదాన్ని.

ఇంట్లో చెప్పలేదు. ఏమని చెప్పను? అది పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ సాధన చేస్తోంది. చల్లనీళ్ళు మానేసింది, పెరుగు మానేసింది. ఆ గొంతు వింటుంటే ఇదివరకు తప్పులు వినబడేవి, ఇప్పుడు భయం తప్ప ఏమీ వినబడటం లేదు.

నా దగ్గర చదువుకున్న ఒకతను పేపర్లో విలేకరి. అతనికి ఫోన్ చేశాను. కనుక్కుని రెండు రోజుల్లో చెప్పాడు. ఒక అమ్మాయి ఫిర్యాదు ఇచ్చిన మాట నిజమేనట, తర్వాత వెనక్కి తీసుకున్న మాటా నిజమేనట. నాకు చిరాకొచ్చి, నువ్వు కూడా ట అంటావేంటయ్యా అన్నాను. అతను నొచ్చుకోలేదు. "కాగితం నేను కళ్ళతో చూడలేదండీ మేడమ్ గారూ, చూసినాయన చెప్పాడు. అందుకే మేం రాయలేదండీ. వెనక్కి తీసుకుంటే జరగలేదని కాదండీ, జరిగిందనీ కాదు." ఇంతవరకు విన్న వాళ్ళందరిలో తనకి తెలియంది తెలియదని చెప్పింది అతనొక్కడే. ఆ మాట మీద గౌరవం కలిగింది గానీ భయం పిసరంత కూడా తగ్గలేదు.

ఇక మిగిలింది తాడేపల్లిగూడెం పాస్టరమ్మగారు. సభ పెట్టింది వాళ్ళే, ఆయన భోజనం చేసింది వాళ్ళింట్లోనే. మా అమ్మ వైపు వరస కూడా కలుస్తుంది. వందనాలు చెప్పి, అదీ ఇదీ మాట్లాడి, ఆయన ఎలాంటివారండీ అని అడిగాను. పాస్టరమ్మగారు ఎంతో మెత్తగా మాట్లాడే మనిషి. "మంచి కలుపుగోలు మనిషండీ. పేరుంది కదా అని బిగుసుకుని కూచోరు. ఆడపిల్లలతో మరీ చనువుగా ఉంటారండీ." ఆ తర్వాత, ముదినేపల్లి దగ్గర ఒక ఊళ్ళో తమకి తెలిసినవాళ్ళ కోడలు పిల్ల ఉందనీ, పెళ్ళికి ముందు ఆయన ఆల్బమ్‌లో పాడిందనీ, కావాలంటే ఆ అమ్మాయిని అడగమనీ చెప్పారు. మీ అమ్మాయిని ప్రార్థనలో పెట్టానండీ అన్నారు చివర్లో.

ఫోన్ పెట్టేసి హమ్మయ్య అనుకున్నాను. కలుపుగోలు, చనువు, రెండూ మంచి మాటలే. చూసిన మనిషి, ఇంట్లో అన్నం పెట్టిన మనిషి, ట లేకుండా చెప్పిన మాట. ఆ పూట పెరుగన్నం కూడా తిన్నాను. ముదినేపల్లి వెళ్ళాలనుకున్నది కూడా అనుమానంతో కాదు, ఆ రెండో మంచి మాట కూడా చెవిన వేసుకుంటే ఇక నిశ్చింతగా పంపొచ్చని.

శనివారం బస్సెక్కాను. ఏలూరు దాటి కైకలూరు రోడ్డు పట్టాక కొల్లేరు మొదలవుతుంది. అటూ ఇటూ నీళ్ళు, చేపల చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు, గట్ల మీద గూడబాతులు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. కిటికీ పక్కన కూచుని, మా అమ్మాయికి హైదరాబాద్ కోసం ఏ చీరలు సర్దాలా అని ఆలోచించుకుంటూ వెళ్ళాను.

ముదినేపల్లిలో దిగి ఆటోలో వాళ్ళ ఊరికి వెళ్ళాను. వరిచేల మధ్య డాబా ఇల్లు. అత్తగారు ఎదురొచ్చి, రండి టీచర్ గారండీ, కూచోండి అని ఫ్యాను వేసి, మజ్జిగ ఇచ్చి, మా కోడలు టీవీలో కనబడే ఆయన దగ్గర పాడిందండీ అని నేనడక్కముందే చెప్పారు. గర్వంగా చెప్పారు. కోడలికి పాతికేళ్ళుంటాయి. పొడగరి కాదు, నా భుజం దాకా వస్తుందేమో. నమస్కారమండీ అని గోడవార కుర్చీ లాక్కుని కూచుంది. అత్తగారు చేటలో చిక్కుడుకాయలు పోసుకుని మా మధ్యే కింద కూచుని ఈనెలు తీయడం మొదలుపెట్టారు.

మా అమ్మాయి సంగతి చెప్పి, మీరు వెళ్ళొచ్చారు కదా, ఎలా ఉంటుందండీ అక్కడ అని అడిగాను. బాగానే చూసుకున్నారండీ అంది. భోజనం బాగుంటుందండీ అంది. నా ముఖం కేసి కాకుండా నా మజ్జిగ గ్లాసు కేసి చూస్తోంది. మీ అమ్మాయికి ఎన్నో ఏడండీ అని అడిగింది. చెప్పాను. ఎత్తుగా ఉంటుందా అని అడిగింది. అదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. నా అంతే ఉంటుందండీ అన్నాను.

అప్పుడు తనంతట తనే మొదలుపెట్టింది. "నాతోపాటు ఇంకో అమ్మాయి వచ్చిందండీ పాడ్డానికి. దాని సంగతి చెబుతాను." ఆ అమ్మాయి పాడుతుంటే ఆయన మధ్యలో ఆపి పాడే గదిలోకి వచ్చాడట. ఊపిరి పైనుంచి తీస్తున్నావు, కడుపులోంచి ఎలా తియ్యాలో చూపిస్తానన్నాడట. మిగతావాళ్ళని టీ తాగి రమ్మని పంపేశాడట. ఆ అమ్మాయి వెనక్కి జరిగిందట. ప్రతి మాట చివరా ట పెట్టుకుంటూ, మెల్లగా, పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది. అత్తగారు అయ్యో పాపం, ఎవరి పిల్లో అంటూ ఈనెలు తీస్తున్నారు.

"చిన్న గదండీ అది. గోడలకి స్పాంజీ అంటించి ఉంటుంది, ఎంత అరిచినా బయటికి వినబడదు. తలుపు గొళ్ళెం బాగా పైకి ఉంటుందండీ. నాకు అందలేదు."

ఫ్యాను తిరుగుతోంది. చిక్కుడుకాయ విరిచిన చప్పుడయింది. ఆ అమ్మాయి ఆగిపోయి నాకేసి చూసింది, వచ్చిన దగ్గర్నుంచీ మొదటిసారి. నేను కూడా చూశాను. "నేను" ఉన్నచోట "తను" పెట్టాలని పిల్లలకి ఏటా చెప్పేదాన్ని, ఆ పొరపాటు నాకు వెంటనే వినబడింది. ఆ అమ్మాయి "తనకి అందలేదట" అంది. అత్తగారు తలెత్తలేదు. విన్నారో, వినలేదో, విని తలెత్తలేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ట లేని మాట కోసం వచ్చాను. దొరికింది. రెండే రెండు ముక్కలు. ఎందుకు దొరికిందా అనిపించింది. పరుగెత్తి ఏలూరు వెళ్ళి మా అమ్మాయిని పట్టుకోవాలనిపించింది, అది ఆ గదిలో ఇప్పటికే ఉన్నట్టు. ఇన్నాళ్ళూ ట అంటే చేతులు కడుక్కోవడమే అనుకున్నాను. ఈ పిల్ల తన కథ చెప్పుకోవడానికి ఈ ఇంట్లో దానికున్న తలుపు ఆ ఒక్క అక్షరమే.

రోడ్డు దాకా దిగబెడతానని ఆ అమ్మాయి నాతో వచ్చింది. ఆటో ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుంది. "పంపకండి టీచర్ గారూ. నేను చెప్పానని మాత్రం ఎవరికీ చెప్పకండి. మా ఆయనకి తెలియదు." చెప్పనని మాటిచ్చాను. అయ్యో అమ్మా అనడం తప్ప ఇంకేమీ చేతకాలేదు నాకు. ఫిర్యాదు ఇచ్చింది నువ్వేనా అని అడగలేదు. అడిగే హక్కు నాకుందనిపించలేదు.

తిరుగు బస్సులో అదే కొల్లేరు, అవే నీళ్ళు. ఇప్పుడు కిటికీ వైపు చూడకుండా కూచున్నాను. పాస్టరమ్మగారి మాటలు ఒక్కొక్కటే మళ్ళీ విన్నాను. ఆడపిల్లలతో మరీ చనువుగా ఉంటారండీ. మరీ. మా వైపు ఎవరి గురించీ చెడ్డమాట చెడ్డగా చెప్పం. తాగుబోతుని కాస్త అలవాటుందండీ అంటాం, మోసగాణ్ణి తెలివైనవాడండీ అంటాం. ఆవిడ చెప్పాల్సింది చెప్పారు. ముదినేపల్లి వెళ్ళి అడగమని దారి కూడా చూపించారు. విన్నదాన్ని నేను, మెప్పు అనుకుని పెరుగన్నం తిన్నాను. నలభై మంది పిల్లలకి అర్థాలు చెప్పే మనిషిని, మా ఊరి మాట నాకే అర్థం కాలేదు.

ఇంటికి వచ్చి ఇద్దర్నీ కూచోబెట్టి, వెళ్ళడం లేదు అన్నాను. ఎందుకు అని అది అడిగింది. ఆయన మంచివాడు కాదన్నాను. ఎవరు చెప్పారంది. చెప్పలేనన్నాను. అది అరవలేదు, అరిచినా బాగుండేది. "పేరు చెప్పలేవు, ఊరు చెప్పలేవు. మరి ఆ యూట్యూబ్ వాళ్ళకీ నీకూ తేడా ఏంటమ్మా?" అంది. ఆ వీడియోలు అదీ చూసిందన్నమాట. అడిగింది మాత్రం నేను నేర్పిన ప్రశ్నే. మా ఆయన గొంతు సవరించుకుని, పెద్దమనిషి మీద ఊరికే నింద వేస్తే పాపం కదే అన్నాడు. ఆయన కళ్ళల్లో కూడా భయం ఉంది, అది మాత్రం నేను పొరబడ్డానేమోనన్న భయం. నిజం చెప్పాలంటే నాకూ ఉంది. ఆ కోడలి నోట ఒక్క మాట జారితే, ఆ ఒక్క మాట మీద నా కూతురి బతుకులో వచ్చిన ఒకే ఒక్క అవకాశాన్ని మూసేస్తున్నానా? ఆ మాట అన్నప్పటి ముఖం వీళ్ళు చూడలేదు. నేను చూశాను. చూశానన్నది కూడా చెప్పడానికి లేదు.

అయితే ఎవరి పేరూ చెప్పక్కర్లేని దారి ఒకటుంది అనిపించింది. వాళ్ళ ముందే ఆఫీసుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. ఒకావిడ ఎత్తింది, ఎంతో తియ్యటి గొంతు. మా అమ్మాయితో నేనూ వస్తానండీ, పాడేటప్పుడు లోపల ఒక మూల కూచుంటాను అన్నాను. అలా కుదరదండీ, సార్ ఏకాగ్రత దెబ్బతింటుంది, బయట లాంజ్‌లో కూచోవచ్చండి అంది. పోనీ తలుపు తీసి ఉంచుతారా అన్నాను. తలుపు తీస్తే రికార్డింగ్ ఎలా అవుతుందండీ అని నవ్వింది. న్యాయమైన మాటే, అందుకే నాకు ఇంకా భయమేసింది. అద్దంలోంచి చూడొచ్చా, పక్కన ఇంకో ఆడమనిషి ఉంటారా అని అడుగుతూనే ఉన్నాను. అప్పటికి ఆవిడ గొంతులో తీపి తగ్గింది. "మీకు అన్ని అనుమానాలుంటే వద్దులెండి మేడమ్. ఆ సభలోనే సార్ ఇంకో అమ్మాయిని కూడా విన్నారు. వాళ్ళ పేరెంట్స్ ఇన్ని ప్రశ్నలు అడగలేదు."

ఫోన్ పెట్టేశాక మా ఆయన లేచి వెళ్ళి గడప దగ్గర నిలబడ్డాడు. అమ్మాయి లోపలికి వెళ్ళింది. నన్ను నమ్మిందో లేదో తెలియదు. బట్టలు సర్దిన సంచీ విప్పి బీరువాలో పెడుతున్న చప్పుడు మాత్రం వినబడింది. ఊపిరి పీల్చుకోవాల్సింది. కానీ ఆ ఆవిడ అన్న "ఇంకో అమ్మాయి" నా చెవిలోంచి పోలేదు.

నాలుగు రోజులకి ఆ ఇంకో అమ్మాయి తల్లే ఫోన్ చేసింది. కామవరపుకోట వాళ్ళు, పాస్టరమ్మగారే నా నంబరు ఇచ్చారట. మీ అమ్మాయి వెళ్తానని మానేసిందటండీ, ఎందుకండీ అని అడిగింది. ఈసారి నేను మా ఊరి మెత్తదనం జోలికి పోలేదు. పంపకండి అని ముఖాన చెప్పేశాను. మీకెవరు చెప్పారండీ అంది. అనుభవించిన మనిషే చెప్పిందండీ, పేరు చెప్పనని మాటిచ్చాను అన్నాను. తల్లిని లోపల కూచోనివ్వరు, అది మాత్రం నేను నా చెవులతో విన్నాను, మీరు కూడా అడిగి చూడండి అన్నాను. సార్ చాలా మంచివారని అందరూ అంటున్నారండీ అంది. ఆలోచిస్తామండీ అంది. పెట్టేస్తుంటే అర్థమైంది, ఆవిడకి నేను కూడా ఒక ట మాత్రమే. బ్రతిమాలుతూ మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

తర్వాత కొన్ని వారాలు నేను బడికి వెళ్ళాను, పాఠాలు చెప్పాను, ఇంట్లో వంట చేశాను. మనసు మాత్రం ఎప్పుడూ చూడని ఒక పిల్ల దగ్గర ఉండేది. ఎత్తుగా ఉంటుందా? అదొక్కటే అడగాలనిపించేది.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆ తల్లి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను, అంతగా మారిపోయింది. చర్చి ప్రహరీ పక్కకి నడిచాను. "మధ్యలోనే వచ్చేసిందండీ మా అమ్మాయి. ఏమైందంటే చెప్పదు. గదిలోంచి రాదు, తలుపు మాత్రం వెయ్యనివ్వదు. మీరప్పుడు చెప్పారు కదండీ. మీకు చెప్పినావిడ ఎవరో నాకు వద్దు. మా పిల్లతో ఒక్కసారి మాట్లాడించగలరా? దాని నంబరు పంపుతాను. నాతో చెప్పనిది ఆవిడతో చెబుతుందేమో."

నేను ఏం జవాబిచ్చానో గుర్తులేదు. ముదినేపల్లి వెళ్ళేముందు పాస్టరమ్మగారు ఇచ్చిన ఆ కోడలి నంబరు నొక్కాను. మాట తప్పుతున్నానా, ఒక ఇల్లు కూలుస్తున్నానా, ఇంకో పిల్లని నిలబెడుతున్నానా, ఏదీ తేలలేదు. మోగుతున్నంతసేపూ ఎత్తకపోతే బాగుండుననీ, ఎత్తితే బాగుండుననీ అనుకున్నాను. ఎత్తింది. గొంతు తగ్గించి జరిగింది జరిగినట్టు చెప్పాను. అవతల దూరంగా ఎక్కడో ట్రాక్టరు పోతున్న చప్పుడు వినబడుతోంది. మీకు ఇష్టం లేకపోతే వద్దమ్మా, నేను ఇంకేదో చెబుతాను అన్నాను.

"మధ్యాహ్నం మా అత్తగారు పడుకుంటారండీ. అప్పుడు నేనే చేస్తాను. ఆ పిల్ల నంబరు పంపండి" అంది.

తొందరలో ఒక అంకె తప్పు కొట్టాను. అది చెరిపి, రెండుసార్లు సరిచూసుకుని పంపాను.